తాళం లేని చుక్కలాట

లారీ ముందు చక్రాలు కాంట పలకను దాటిపోయాయి. ప్రభుదాసు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి వెనక్కి రమ్మని ఊపాడు. డ్రైవరు గొణుక్కుంటూ వెనక్కి తీశాడు. తూకం చూపే పెట్టెలో ఎర్రటి అంకెలు కాసేపు తైతక్కలాడి ఒకచోట కుదురుకున్నాయి. ప్రభుదాసు మీట నొక్కితే ప్రింటరు చిట్టీని సగం దాకా కక్కి మొరాయించింది. మిగతా సగాన్ని వేళ్లతో లాగి, అలుక్కుపోయిన అంకెను పెన్నుతో దిద్ది అందించాడు. డ్రైవరు చిట్టీని ముందూ వెనకా తిప్పి చూసుకున్నాడు. ఇచ్చినవాడి మొహం మాత్రం చూడలేదు. కాంట దగ్గర మొహాలతో ఎవరికీ పని ఉండదు.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో, లింగంపేట దాటాక ఒక రైస్‌మిల్లు ఉంది. దాని గేటు పక్కనే ధర్మకాంట. లారీని వడ్లతో సహా తూచే ఆ ఇనుప పలకను ఆనుకొని ఒక రేకుల గది. అందులో ఒక టేబులు, ఒక ముసలి కంప్యూటరు, మోకాలు చిప్పలా అరిగిపోయిన చక్రాల కుర్చీ. పగలు ఆ కుర్చీ ప్రభుదాసుది, రాత్రి సాయిలుది. ఒకరి ఒంటి వేడి ఆరకముందే ఇంకొకరు కూర్చునే కుర్చీ అది.

సాయిలు ఇంకా ఇంటికి పోలేదు. గడప పక్క రాయి మీద కూర్చొని బస్సు కోసం చూస్తున్నాడు. పొడుగాటి, ఎండిన మనిషి. తలకు తువ్వాల చుట్టుకున్నాడు. పగిలిన మడమల్లో ఏనాటి మట్టో నల్లగా నిలిచిపోయింది. బొటనవేలితో రొమ్ము మధ్యన రుద్దుకుంటూ రోజూ అడిగేదే అడిగాడు.

"వచ్చిందా దాసూ?"

"రాలే కాకా."

"కంపెనోళ్లు ఏమంటుండ్రు?"

"త్వరలో అంటుండ్రు."

"మా ఊరి రోడ్డు గూడ త్వరలోనే అన్నరు." సాయిలు నవ్వబోయి తేన్చాడు. "రాత్రి ఆట ముట్టలే. కడుపుల మంట మంటగుండె. గ్యాసు."

"గ్యాసే కాకా. చౌరస్తల దిగి సోడ తాగి పో. పోతది."

బస్సు వచ్చింది. సాయిలు మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, ఎక్కి, వెళ్లిపోయాడు. ప్రభుదాసు అప్పటికే తర్వాతి లారీకి చెయ్యి ఊపుతున్నాడు.

ప్రభుదాసుకు నలభై దాటాయి. పొట్టిగా, కొంచెం గూనిగా ఉంటాడు. అమ్మ లింగంపేటలో బీడీలు చుట్టి చదివిస్తే ఐటిఐ దాకా వచ్చాడు. ఎల్లారెడ్డిలో ఒక ఇంటర్నెట్ సెంటరులో చాలా ఏళ్లు పనిచేశాడు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక ఆ సెంటరు చికెన్ పకోడీ బండి వెనక గోదాముగా మారింది. అక్కడినుంచి అతడు తెచ్చుకున్న ఆస్తి ఒక్కటే, ఒక పాత ఆట. నల్లటి తెర మీద చుక్కలుంటాయి. ఒక్కో చుక్కా ఒక్కో లోకం. అక్కడికి ఓడలు పంపాలి, ఇండ్లు కట్టాలి, పంట పండించాలి, పక్క రాజ్యంతో సంధో సమరమో చేసుకోవాలి. ఒకరి వంతు అయ్యాక ఇంకొకరి వంతు. ఎంతసేపు ఆలోచించినా ఆట విసుక్కోదు. ప్రభుదాసును అంత ఓపిగ్గా భరించింది లోకంలో ఇంకేదీ లేదు.

ఇంగ్లీషు పేరు నోరు తిరగక సాయిలు దానికి చుక్కలాట అని పేరు పెట్టాడు. లారీలు లేనప్పుడు కునుకు తీయకుండా ఉంటాడని ప్రభుదాసే నేర్పించాడు. పగలు ఇతడు తన వంతు ఆడి వదిలేస్తే, రాత్రి ఆయన తన వంతు ఆడి వదిలేసేవాడు. లారీ ఆగకుండా పని జరిగితే చాలు, మిల్లు సేటు ఏమీ అనేవాడు కాదు. కాకా రాత్రి ఎటు కదిలాడో పొద్దున్నే చూసుకోవడం ప్రభుదాసుకు పేపరు చదవడం కంటే ముఖ్యమైపోయింది. ఇద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకున్నది తక్కువే. మిగతాదంతా చుక్కల మీదే మాట్లాడుకున్నారు.

మొదట్లో ఒకసారి ప్రభుదాసు ఆటలో ఉత్సాహం ఎక్కువై, రెండు రాజ్యాల నడుమ ఖాళీగా ఉన్న చుక్కల వరసలోంచి ఒకదాన్ని కలిపేసుకున్నాడు. మర్నాడు చూస్తే సాయిలు యుద్ధానికి రాలేదు. తన ఇండ్లు, ఓడలు అన్నీ ఎత్తుకొని ఇంకో వరస వెనక్కి జరిగి కూర్చున్నాడు. అదేమిటని అడిగితే ఆయన కోపం లేకుండానే చెప్పాడు.

"అది గట్టు దాసూ. గట్టు జరిపినోనితోని నాకు పంచాది వద్దు. నేనే జరిగిన."

సాయిలు తమ్ముడు ఏటా గట్టును ఒక సాలు ఇవతలికి జరిపి, అన్న పొలాన్ని తొక్కుకుంటూ వచ్చిన సంగతి ప్రభుదాసుకు తర్వాత తెలిసింది. పెద్ద మనుషుల దగ్గరికి పోకుండా, తమ్ముడితో ఒక్క మాట అనకుండా, ఆయన రాత్రి డ్యూటీలో చేరిపోయాడు. ప్రభుదాసు సిగ్గుపడి ఆ చుక్కను ఖాళీ చేశాడు. ఆ తర్వాత ఆ వరసను ఎవరూ ముట్టలేదు. ఆట చేసినవాళ్లకు ఈ గట్టు సంగతి తెలియదు కాబట్టి, కొన్నాళ్లకు మిగతా చుక్కలన్నీ నిండిపోయి, కొట్లాట తప్ప చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. కొట్లాట ఇద్దరికీ చేతకాదు. ఊరికే వంతు మార్చుకుంటూ ఉండిపోయారు.

అప్పుడే ఆ ఆట చేసిన కంపెనీ ఇంకో కొత్త ఆట తెచ్చింది. పాత కంప్యూటరులోనూ ఆడుతుందట. చుక్కలు మాత్రం వేలకు వేలు. ప్రభుదాసు ఫోనులో బొమ్మలు చూపిస్తే సాయిలు చాలాసేపు చూశాడు.

"ఇంత బీడున్నదా?" అన్నాడు. "ఎంత దున్నుకున్నా ఇంకొకని గట్టు తగలదు."

చిక్కంతా తాళం దగ్గర వచ్చింది. ఆ ఆట తెరిచిన ప్రతిసారీ నెట్టులోంచి కంపెనీని అడుగుతుంది, వీడు కొన్నవాడేనా అని. కంపెనీ ఔనంటేనే తెరుచుకుంటుంది. కాంట కంప్యూటరుకు నెట్టు లేదు. ఎక్కడో కూర్చొని నెట్టులోంచి తూకం మార్చేస్తారని ఎవరో చెప్పగా సేటు వైరు పీకించేశాడు. సాయిలుది మీటల ఫోను. తాళం లేనిది కూడా తెస్తాం, ఒకసారి నెట్టులోంచి దింపుకుంటే మళ్లీ ఎవరినీ అడగక్కర్లేదు, త్వరలో అని కంపెనీ రాసింది. ఆ త్వరలో ఏడాది దాటింది.

ఎల్లారెడ్డిలో ప్రభుదాసు ఇంట్లో నెట్టు ఉంది. భార్య కృపాజ్యోతి ఒకటి రెండుసార్లు అడిగింది.

"తాళం ఉంటే మనకేంది? ఇంట్ల ఆడుకోరాదు?"

"ఒక్కణ్ణే ఏమాడాలె?" అన్నాడు. ఆమెకు అది జవాబులా అనిపించలేదు. చర్చిలో పక్కన నిలబడి కండ్లు మూసుకున్నప్పుడు కూడా ఈ మనిషి ఆటే అడుగుతున్నాడని ఆమె అనుమానం. అనుమానం నిజమే.

మధ్యాహ్నానికి ప్రింటరు పూర్తిగా పడుకుంది. గుమస్తా వచ్చి, దాని నెత్తి మీద నాలుగు దెబ్బలు వేసి చూసి, తాను కుర్చీలో కూర్చున్నాడు.

"కామారెడ్డి పోయి బాగు చేయించుకొని రా. చేతిరాత చిట్టీలు నేను రాస్త."

ప్రింటరును గోనెసంచిలో చుట్టి బండి వెనక కట్టుకొని బయలుదేరాడు. వడ్లు రోడ్డుకు సగం దాకా ఆరబోసి ఉన్నాయి. ధూళి కళ్లలో పడుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. కామారెడ్డి బస్టాండు దగ్గరి దుకాణంలో అరవింద్ అనే కుర్ర మెకానిక్కు ప్రింటరు విప్పి, లోపల ఇంత వడ్ల పొట్టు తీసి టేబులు మీద పోశాడు.

"గంట పడ్తది అన్నా. కూసో."

పక్కన కంప్యూటరు ఖాళీగా ఉంది. ప్రభుదాసు అలవాటుగా కంపెనీ పేజీ తెరిచాడు. రోజూ చూసే త్వరలో అనే మాట అక్కడ లేదు. దాని స్థానంలో దింపుకోండి అని ఉంది. తప్పు పేజీకి వచ్చానేమో అని మూసి మళ్లీ తెరిచాడు. అదే ఉంది. కొన్నాడు. నీలం గీత ఎడమ నుంచి కుడికి పాకడం మొదలైంది. అతడు చేతులు ఒళ్లో పెట్టుకొని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు వచ్చాయి. దుమ్ము అనుకున్నాడు. దుమ్ము కాదు, సంతోషమే. చాలా రోజులైంది కాబట్టి గుర్తుపట్టలేకపోయాడు.

అరవింద్ తొంగిచూశాడు. "గేమా? ఇవి పుక్యానికి దొరుకుతయి గదన్నా, తాళం క్రాక్ చేసి ఇస్త."

"దొంగదంటే మా కాక ముట్టడు."

ఫోను తీసి సాయిలు నంబరు దాకా వెళ్లాడు. రాత్రంతా మేలుకున్న మనిషి, పడుకొని ఉంటాడు, లేపడమెందుకు అనుకున్నాడు. అంతకంటే పెద్ద కారణం వేరే ఉంది. వచ్చిందా దాసూ అని ఆయన అడగాలి, వచ్చింది కాకా అని తాను చెప్పాలి. ఆ మొహం ఫోనులో కనిపించదు. ఫోను జేబులో పెట్టేశాడు.

మిల్లుకు వచ్చేసరికి ఎండ రేకుల మీదినుంచి దిగిపోయింది. ప్రింటరు తగిలించి, గుమస్తాను పంపేసి, కామారెడ్డిలో ఆటను ఎక్కించుకొచ్చిన పెన్‌డ్రైవును కంప్యూటరుకు పెట్టాడు. ఆట ఎక్కింది. ఎవరినీ ఏమీ అడగలేదు, తెరుచుకుంది. నల్లటి తెర నిండా సన్నటి చుక్కలు, వడ్లు ఆరబోసినట్టు. ఆడేవాళ్లు ఇద్దరు అని పెట్టాడు. మొదటి వంతు సాయిలు పేరున రాశాడు. టేబులు మీద దుమ్ము దులిపాడు, కుర్చీ తుడిచాడు, గడపలోకి వచ్చి నిలబడ్డాడు.

బస్సు వచ్చింది. మిల్లు దగ్గర ఎవరూ దిగలేదు. ఇంకో బస్సు వచ్చి పోయింది. పొద్దుగూకింది.

ఒక ట్రాక్టరు వడ్ల లోడుతో వచ్చి కాంట ఎక్కింది. తోలేవాడు తిరుపతి, సాయిలు ఊరివాడు. ఇంజను ఆపకుండానే అరిచాడు.

"సాయిలు కాక రాడన్నా ఇయ్యాల."

"ఏమైంది? గ్యాసు తగ్గలేదా?"

"లేడన్నా. పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండు. గుండె అంటుండ్రు."

అంకెలు ఎగిరి దిగి కుదురుకున్నాయి. ప్రభుదాసు మీట నొక్కాడు. బాగుపడిన ప్రింటరు చిట్టీని ఎక్కడా ఆగకుండా ఇచ్చింది. అతడు అది చింపి అందించాడు. తిరుపతి అందుకొని, మొదటిసారి అతడి మొహంలోకి చూసి, ట్రాక్టరు దింపుకొని వెళ్లిపోయాడు. పొద్దున సోడా తాగమన్నది తానే అని ప్రభుదాసుకు అప్పుడు గుర్తొచ్చింది. పెన్‌డ్రైవు పీకి జేబులో వేసుకున్నాడు. గుమస్తాను మళ్లీ పిలిచి కూర్చోబెట్టి బండి తీశాడు.

సాయిలు ఇంటి ముందు ట్యూబులైటు కట్టారు. వాకిట్లో చాప మీద ఆయన పొడుగ్గా, గడ్డానికి కట్టిన గుడ్డతో పడుకొని ఉన్నాడు. ఎవరో పాదాలు కడిగారు, మడమల్లో మట్టి మాత్రం పోలేదు. గట్టు జరిపిన తమ్ముడు తల దగ్గర కూర్చొని అందరికంటే గట్టిగా ఏడుస్తున్నాడు. ప్రభుదాసు ఏడవలేదు. ఏ వరసన ఏడవాలో తెలియక గోడ పక్కన నిలబడ్డాడు.

సాయిలు భార్య అనసూయమ్మ తలెత్తి చూసింది.

"ఎవరు బిడ్డా?"

"కాంట కాడ పగటి మనిషిని చిన్నమ్మా."

"దాసువా? చుక్కలాట దాసువా? పొద్దుగాల వచ్చి గ్యాసు అన్నడు. సోడ తాగిన, తగ్గుతది, నాలుగ్గొట్టంగ లేపు అన్నడు. లేపితే లేవలే."

అతడు తల వంచుకున్నాడు. ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది.

"వచ్చిందా అది?"

"ఏది చిన్నమ్మా?"

"తాళం లేనిది. పొద్దుగాల ఇంట్ల అడుగు పెట్టంగనే రాలే అనేటోడు. నేనడగకున్నా చెప్తుండె."

జేబులో పెన్‌డ్రైవు తొడకు గుచ్చుకుంటోంది. ప్రభుదాసు చాపవైపు చూశాడు. వచ్చిందంటే, ఒక్క పూట ఆగలేకపాయె అని ఈమె బతికినన్నాళ్లూ అనుకుంటుంది. ఆ దుఃఖం తన ఒక్కడికి చాలు.

"రాలే చిన్నమ్మా," అన్నాడు. "ఇగ రాదట."

ఆమె తల ఆడించింది. లేచి గోడ పట్టుకొని లోపలికి పోయి, గూట్లోంచి ఒక కొత్త డబ్బా తెచ్చి అతడి చేతిలో పెట్టింది.

"మొన్న కామారెడ్డి పోయి చేయించుకున్నడు. కొత్త ఆటల చుక్కలు సన్నగుంటయట. నీకు చెప్పొద్దన్నడు. ఆట వచ్చిననాడే పెట్టుకుంట అని దాసిండు."

ప్రభుదాసు మూత తీశాడు. లోపల మెత్తటి గుడ్డ మీద నల్ల ఫ్రేము కళ్లద్దాలు ఒక్కసారి కూడా విప్పని మడతలో ఉన్నాయి. ఎడమ అద్దం మీద దుకాణం వాడు నంబరు రాసి అంటించిన చిన్న తెల్ల కాగితం ఇంకా అలాగే ఉంది.