జేబులోకి వెళ్ళిన చెయ్యి

మా లోన్ క్రీక్‌లో ఏ సారా దుకాణంలో అడుగుపెట్టినా, నడుముకున్న తుపాకీ విప్పి అమ్మేవాడికి అప్పజెప్పాల్సిందే. వాడు దాన్ని గోడ మీద మేకుకు తగిలించి, ఆ మేకు అంకె చెక్కిన ఇత్తడి బిళ్ళ చేతిలో పెడతాడు. వెళ్ళేటప్పుడు బిళ్ళ ఇస్తే తుపాకీ ఇస్తాడు. ఊరి శాంతిభద్రతలు చూసే మార్షల్ డకెట్ పెట్టిన నియమం అది. దాంతో ఊరు చల్లబడిందని చంకలు గుద్దుకున్నాడు. చల్లబడిందా, నా మొహమా! పెద్ద తుపాకీ మేకుకు తగిలించిన ప్రతివాడూ డెన్వర్ నుంచి డెరింజర్ అనే బుల్లి తుపాకీ ఒకటి తెప్పించుకున్నాడు. పొగాకు సంచి కన్నా పెద్దది కాదు. రెండు పొట్టి గొట్టాలు ఒకదాని మీద ఒకటి, అరచేతిలో ఇమిడిపోతుంది. మగవాళ్ళకు లోపలి కోటు జేబులో, బూటులో. ఆడవాళ్ళకు లంగా మడతలో కుట్టించుకున్న సంచిలో. నడుముకు వేలాడినన్నాళ్ళు ఎవడి దగ్గరుందో, ఎవడి దగ్గర లేదో కళ్ళకు కనబడేది. ఇప్పుడు ఎవరి దగ్గరా కనబడదు కాబట్టి అందరి దగ్గరా ఉన్నట్టే. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడినట్టు, జేబులో అది పెట్టుకు తిరిగేవాడికి ఎదుటివాడి ప్రతి జేబులోనూ అదే కనబడుతుంది.

అడీలియా ప్రుయిట్ దగ్గర కూడా ఒకటుండేది. గని మనుషులకు భోజనం వండిపెట్టి, పై గదులు అద్దెకిచ్చుకుని బతికే మనిషి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఉన్నదల్లా తమ్ముడు థాడ్. తల్లి పోయిన నాటినుంచీ వాణ్ణి చంకనేసుకుని పెంచింది. ఆ డెరింజర్ కొనిచ్చిందీ వాడే. "ఇది నీ దగ్గరుంటే నాకు కంటినిండా నిద్రపడుతుందక్కా" అన్నాడు. ఎప్పుడూ పేల్చింది లేదు. రొట్టెల పిండి కలుపుతున్నా, చర్చిలో మోకరిల్లినా అది తొడకు తగులుతూనే ఉండేది. ఆ బరువుకు నడక కూడా కాస్త కుడికి ఒరిగింది.

ఇప్పుడు ఆ సంచి ఖాళీ. అయినా నడక సరి కాలేదు. పనిలో ఉండగా ఉన్నట్టుండి చెయ్యి సంచిలోకి పోతుంది. చల్లటి ఇనుము కోసం వెతుకుతుంది. దాని బదులు వెచ్చటి వేళ్ళు తగులుతాయి. చచ్చిపోయిన ఎనాస్ వోగెల్ వేళ్ళు. అడీలియా పామును తొక్కినట్టు చెయ్యి లాక్కుని, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూస్తుంది.

ఎనాస్ గనిలో దూలాలు నిలబెట్టే వడ్రంగి. మాటకారి కాదు, తగువులమారి అంతకన్నా కాదు. ఒక సాయంత్రం మెరిట్ సారా దుకాణంలో థాడ్ నడిపే పేకాట బల్ల దగ్గర కూర్చున్నాడు. ఓడిపోయాడు. లేచి నిలబడి, "నీ ముక్కలకో దణ్ణం, నీకో దణ్ణంరా దొంగ వెధవా" అని లోపలి కోటు జేబులోకి చెయ్యి పెట్టాడు. అంతే. థాడ్ జేబులోది పేలింది.

తమ్ముడికి వేడన్నం తినిపిస్తే గానీ మనసొప్పని అడీలియా, కూరగిన్నె పట్టుకుని అప్పుడే వెనక గుమ్మంలోంచి లోపలికొచ్చింది. తుపాకీ మందు పొగలో మనిషికి మనిషి కనబడటం లేదు. జనమంతా బల్లల కింద దూరారు. పడ్డవాడి పక్కన ముందుగా కూలబడింది ఆవిడే. ప్రాణం ఉందేమో, నీళ్ళు పోద్దామని. ప్రాణం లేదు. జేబులోంచి సగం బయటికొచ్చిన చేతిలో ఏముందో చూసింది. ఇత్తడి బిళ్ళ.

పాపిష్టి బిళ్ళ. తన తుపాకీ తాను తీసుకుని ఇంటికి పోదామని లేచాడు ఆ మనిషి.

తుపాకీ లేనివాణ్ణి కాల్చినవాడికి మా దగ్గర ఉరే. అడీలియా ఆలోచించలేదు. ఆలోచిస్తే చెయ్యగలిగే పని కాదది. బిళ్ళ లాగేసింది, లంగా మడతలోంచి తన డెరింజర్ తీసి ఆ అరచేతిలో పెట్టింది, వేళ్ళు ఒక్కొక్కటే మడిచింది. అవి మళ్ళీ విచ్చుకున్నాయి. "పట్టుకో నాయనా, నీకు పుణ్యముంటుంది, పట్టుకో" అని లోలోపలే బతిమాలుకుంటూ మళ్ళీ మూసింది. పొగ విడిపోయేసరికి అందరూ చూసింది తుపాకీ పట్టుకుని చచ్చిపడున్న మనిషిని. న్యాయం చెప్పడానికి కూర్చున్న పెద్దలు పొగాకు నములుతూ తీర్పు చెప్పేశారు, థాడ్ తన ప్రాణం తాను కాపాడుకున్నాడని. బిళ్ళ ఏదీ అని ఎవడూ అడగలేదు. జేబులో తుపాకీ దొరికినవాడి బిళ్ళ ఎవడిక్కావాలి? అడీలియా దాన్ని ఏట్లో విసిరేసింది.

థాడ్ మళ్ళీ తుపాకీ ముట్టలేదు. పేకబల్ల దగ్గరికీ పోలేదు. రోజూ పొద్దున్నే కాఫీ ముందు పెట్టుకుని అదే మాట. "వాడే ముందు తీశాడు కదక్కా?"

"అవున్రా."

"నేను చూశాను కదా. మెరిసింది."

"చూశావులే. కాఫీ చల్లారిపోతోంది, తాగు."

ఆ ఒక్క మాట మీదే వాడు తింటున్నాడు, ఆ మాట మీదే పడుకుంటున్నాడు. అది తీసేస్తే వాడేమైపోతాడో అడీలియాకు తెలుసు. ఉరితాడు సంగతి తరవాత.

మంచు కరిగి దారి తెరుచుకున్నాక, గుర్రబ్బండి దిగి ఎనాస్ భార్య లుసిండా వచ్చింది. కాన్సాస్ నుంచి. నల్లబట్టల్లో సన్నగా, పొడుగ్గా ఉంది. మొగుడి శవపెట్టె తవ్వించి ఇంటికి తీసుకుపోతానంది. ఆడవాళ్ళు ఉండదగ్గ ఇల్లు ఊళ్ళో ఒక్కటే కాబట్టి డకెట్ ఆమెను తీసుకొచ్చి అడీలియా ఇంట్లోనే దింపాడు. బుద్ధున్నవాడైతే దింపుతాడా? మొగుడి సామాను కూడా అక్కడే అప్పజెప్పాడు. రంపం, గడ్డం కత్తి, పెద్ద తుపాకీ, ఆ పైన డెరింజర్. దాన్ని లుసిండా ఒక్క చూపు చూసింది. తన చేతిసంచిలో వేసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం గని మనుషులు తిని వెళ్ళిపోయాక, అడీలియా బల్ల దగ్గర కూర్చుని ఎండు ఆపిల్ ముక్కలు ఏరుతోంది. లుసిండా కిందికి దిగివచ్చి ఎదురుగా కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది.

"పెట్టె తవ్వొద్దని డకెట్ గారితో చెప్పేశాను. రేపటి బండికి వెళ్ళిపోతున్నాను."

అడీలియా చేతిలో ముక్క కిందపడింది. "అదేమిటమ్మా? అంత దూరం నుంచి వచ్చి?"

"మా పిల్లాడి పక్కన చోటుంచాను ఆయనకి. ఇప్పుడు ఆ చోటు ఇవ్వబుద్ధి కావట్లేదు."

"పిల్లాడా?"

"విల్లీ. నాలుగో ఏడు. వాళ్ళ నాన్న కోటు జేబులో మిఠాయి ఉంటుందని చెయ్యి పెట్టాడు." ఆమె గొంతు ఎక్కడా వణకలేదు. అదే భయంగా ఉంది అడీలియాకు. "మిఠాయి కాదు. ఇలాంటిదే. ఆయన దాన్ని నదిలో పారేశాడు. మట్టి ఇంకా ఆరని ఆ సమాధి మీద చెయ్యేసి, ఇంక జన్మలో జేబులో తుపాకీ పెట్టనని ఒట్టు పెట్టాడు. పెద్దది నడుముకు కట్టుకుంటా లూసీ, తోడేళ్ళున్నాయి, అది పిల్లల చేతికి అందదు, అన్నాడు. నమ్మాను. ఇన్నాళ్ళూ ఆయన్ని క్షమించి బతికానంటే ఆ ఒట్టు ఒక్కటే ఆధారం."

"మగవాళ్ళు... కొత్త ఊరు కదమ్మా, ఏదో భయపడి..."

"మీరు వెనకేసుకు రాకండి. మీకేం తెలుసు? బిడ్డ మీద ఒట్టేసి, మళ్ళీ అదే జేబులో అదే పెట్టుకుని తిరిగాడు. ఆ చేతిని తీసుకెళ్ళి వాడి పక్కన ఎలా పడుకోబెట్టను చెప్పండి?"

అడీలియా లేచింది. పిండిగది తలుపు వేసుకుని, చీకట్లో అలమర పట్టుకుని నిలబడింది. చెప్పకపోతే ఏం పోయింది? రేపు బండి వెళ్ళిపోతుంది. ఈమె కాన్సాస్‌లో, ఆయన ఇక్కడ గుట్ట మీద. చచ్చినవాడికి ఎక్కడైతేనేం? చెబితే మాత్రం బతికున్నవాడు పోతాడు. తన చేతుల మీద పెరిగినవాడు. చెయ్యి మళ్ళీ ఖాళీ సంచిలోకి పోయింది. వెచ్చటి వేళ్ళు మళ్ళీ అక్కడే ఉన్నాయి. ఈసారి లాక్కోలేదు. ఆ వేళ్ళు ఆ రాత్రి అంత బతిమాలినా ఎందుకు మూసుకోలేదో ఇప్పుడు తెలిసింది. ఒట్టేసిన చెయ్యి మరి. దాని చేత ఒట్టు తప్పించింది తను.

బయటికొచ్చి నిలబడే చెప్పింది. "ఆ తుపాకీ నాది."

లుసిండా తలెత్తింది. "నా మీద జాలిపడి చెబుతున్నారా? అలాంటి జాలి నాకొద్దు."

"జాలి కాదమ్మా. సంచిలో చెయ్యి పెట్టి చూడండి. పిడి ఎడమవైపు చెక్క పగిలితే నేనే జిగురేసి అతికించాను. గోరుకు తగులుతుంది."

లుసిండా సంచిలోకి చెయ్యి పెట్టింది. అడీలియా ఆమె మొహాన్నే చూస్తోంది. గోరుకు తగిలిన క్షణం ఆ మొహంలోనే తెలిసిపోయింది. ఆమె చెయ్యి బయటికి తియ్యలేదు.

"నేనే పెట్టాను ఆయన చేతిలో. పోయిన తరవాత. మా తమ్ముణ్ణి ఉరి తీస్తారని."

"మరి జేబులో చెయ్యెందుకు పెట్టాడు?"

"ఇత్తడి బిళ్ళ కోసం. తుపాకీ విడిపించుకుని ఇంటికి పోదామని. అదొక్కటే ఉంది ఆయన చేతిలో."

లుసిండా "ఇంటికి పోదామని" అంది, ఎవరికో చెబుతున్నట్టు. కన్నీళ్ళు బొటబొటా రాలాయి. తుడుచుకోలేదు. "అయితే మాట తప్పలేదు. మా ఆయన మాట తప్పలేదు."

గుమ్మం దగ్గర చెక్క కిర్రుమంది. ఇద్దరూ తిరిగి చూశారు. భోజనానికి వచ్చిన థాడ్ అక్కడ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"అక్కా. వాడి చేతిలో ఏమీ లేదా?"

అడీలియా బల్ల మీది ఆపిల్ ముక్కల వైపు చూసింది.

"నేను అడుగుతున్నాను కదా. రోజూ అడిగాను కదా నిన్ను. ఏమీ లేదా?"

"లేదురా."

థాడ్ గుమ్మానికి ఆనుకున్నాడు. నుదుటి మీద చెమట కారి కళ్ళలోకి దిగుతోంది. లోపలి కోటు జేబులోకి చెయ్యి పెట్టాడు.

కుర్చీ వెల్లకిలా పడింది. లుసిండా లేచి నిలబడింది. రెండు చేతులతో డెరింజర్ పట్టుకుని వాడి గుండెకు గురిపెట్టి ఉంది. తుపాకీ సుత్తి వెనక్కి లాగిన చప్పుడు అందరికీ వినబడింది.

"వద్దమ్మా" అంది అడీలియా.

థాడ్ కదల్లేదు. వాడి వేళ్ళ మధ్య సగం బయటికొచ్చింది చేతిరుమాలు. నలిగిపోయిన తెల్లటి చేతిరుమాలు. దాన్ని పూర్తిగా బయటికి తియ్యడానికి గానీ, వెనక్కి తొయ్యడానికి గానీ ధైర్యం చాలక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

లుసిండా ఆ గుడ్డ వైపు చూసింది. తన చేతుల వైపు చూసింది. ఇంకొక్క వెంట్రుకవాసి వేలు బిగిస్తే ఏమయ్యేదో ఆ వేలికి తెలుసు. అడీలియా వెళ్ళి ఆ చేతుల్ని కిందికి వంచింది. సుత్తిని బొటనవేలితో పట్టి మెల్లగా ముందుకు దించింది.

"నేను చూశాను" అంది లుసిండా. "నీ చేతిలో తుపాకీ చూశాను. నా రెండు కళ్ళతో చూశాను. దేవుడి తోడు, నేను కావాలని..."

"తెలుసమ్మా" అన్నాడు థాడ్. "నాకూ అలాగే కనబడింది."

ఆమె కూర్చోబోయింది. కుర్చీ లేదు. అడీలియా పడ్డ కుర్చీ లేవనెత్తి ఆమె వెనక్కి జరిపింది. డెరింజర్ బల్ల మీద ఆపిల్ ముక్కల మధ్య ఉంది. ముగ్గురిలో ఎవరూ దాన్ని తాకలేదు.

లుసిండా కిందపడ్డ చేతిసంచి తీసుకుంది. "పెట్టె తవ్వించాలి. డకెట్ గారిని పిలిపించండి." థాడ్ వైపు చూడకుండా అంది, "ఆయన చేతిలో ఏముందో ఊరందరి ముందూ చెప్పాలి. ఒట్టు తప్పలేదని చెప్పాలి. అది చెప్పకుండా తీసుకెళ్ళలేను. ఏమనుకోకండి."

ఆ మాట చెబితే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. అడీలియా తమ్ముడి వైపు చూసింది. వెనక గుమ్మం ఉంది, దొడ్లో గుర్రం ఉంది, కనుమ దాటితే వాణ్ణి పట్టుకునేవాడు లేడు. పారిపోరా నాయనా అని కళ్ళతోనే బతిమాలింది. థాడ్ అది చూశాడు. చేతిరుమాలుతో మొహం తుడుచుకుని, టోపీ పెట్టుకున్నాడు.

"అక్కను పంపడం ఎందుకమ్మా" అన్నాడు. "డకెట్‌ని నేనే పిలుచుకొస్తాను."

వీధి గుమ్మంలోంచే వెళ్ళాడు.