స్తంభం మీద పేరు

లిన్‌వుడ్ రోడ్డు మలుపులో వెర్లన్ టిబ్స్ ప్రచారపు అట్టను కరెంటు స్తంభానికి ఆనించి, మోకాలితో అదిమిపెట్టి, పిన్నులు దించే స్టాప్లర్ సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. పై మూల అతుక్కుంది. ఇంకో దెబ్బకి రెండోది. తర్వాత కింది మూలలు రెండూ. అంతా అయ్యాక అరచేత్తో అట్టను పైనుంచి కిందికి ఒకసారి నిమిరాడు. అలా నిమిరితే అట్ట మరింత గట్టిగా అతుక్కోదు. ముప్ఫై ఏళ్లుగా నిమురుతున్నాడు కాబట్టి నిమిరాడు.

ఆ స్తంభం నిండా తుప్పు పట్టిన పిన్నులే. ఛాతీ ఎత్తు నుంచి తల ఎత్తు దాకా చెక్క కనబడదు. ష్రీవ్‌పోర్ట్‌లో ఏ పాత స్తంభం మీద చెయ్యి పెట్టినా ఇలాగే గుచ్చుకుంటుంది. ఆ పిన్నుల్లో చాలామటుకు వెర్లన్ కొట్టినవే. ఊళ్లో అతను సంపాదించుకున్న ఆస్తి ఏదైనా ఉందంటే అదే. దాన్ని కూడా ఈమధ్య నగరంవాళ్లు చెక్క స్తంభాలు పీకి ఇనుపవి పాతుతూ లాగేసుకుంటున్నారు. ఇనుము మీద సుత్తి పని చెయ్యదు.

మనిషి పొడుగు, సన్నం. భుజాలు ముందుకు వంగిపోయాయి. నారింజ రంగు టోపీ మీద కుట్టిన 'డ్రైడిచ్ రికార్డ్స్' అన్న అక్షరాల్లో సగం దారాలు ఊడిపోయాయి. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి దెబ్బకి నల్లబడి అలాగే ఉండిపోయింది. పొద్దున్నించీ ఎడమ చెయ్యి లాగుతోంది. రెండు గ్యాస్ బిళ్లలు నమిలి, సుత్తి కొట్టి కొట్టి వచ్చిన నొప్పి అనుకున్నాడు. సుత్తి పట్టేది కుడిచేత్తో కదా అని అడిగేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. భార్య జ్యువెల్ చాలాకాలం కిందటే వెళ్లిపోయింది. "నువ్వు కాపురం చేసేది స్తంభాలతో. నాతో కాదు" అని ఒక్కమాట అని, పెట్టె సర్దుకుంది.

అట్ట మీద ఓ కుర్రాడి ఫోటో. కళ్లు చిట్లించి, గడ్డం పైకెత్తి, లోకం మొత్తం తనకి బాకీ ఉన్నట్టు చూస్తున్నాడు. దాని కింద పెద్ద అక్షరాల్లో 'డీకన్ ఫెంట్'. ఆ కింద చిన్నగా: డ్రైడిచ్ ముప్ఫై ఏళ్ల పండగ, శుక్రవారం సాయంత్రం, సదరన్ స్కేటింగ్ హాల్.

శుక్రవారం అంటే ఇవాళే. డీకన్ ఫెంట్ అంటే ఒకప్పుడు ఆ పేరుతో పాడిన ఫెంటన్ బ్రూసార్డ్. ఇప్పుడు పొట్ట వచ్చింది, స్కూలు బస్సు నడుపుతున్నాడు. ఈ పండగకి రానని అతను ఎప్పుడో చెప్పేశాడు.

అయినా పేరు వేయించింది వెర్లనే. డ్రైడిచ్ కంపెనీ పెట్టిన ఆర్డెల్ గేయిన్స్ పోయాక దాన్ని అతని కూతురు నోవెల్లా చూసుకుంటోంది. పళ్ల డాక్టరు దగ్గర ఉద్యోగం చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు ఫోన్లోనే కంపెనీ నడుపుతుంది. అట్టలు అచ్చు వేయించమని వెర్లన్ అడిగితే ఆ పిల్ల నవ్వింది.

"బాబాయ్, ఈ రోజుల్లో స్తంభాలు ఎవరు చూస్తారు? అందరూ ఫోన్లే కదా."

"ఫోన్ తీసి జేబులో పడేసుకోవచ్చమ్మా. స్తంభాన్ని ఏం చేస్తారు?"

"సరేలే. మరి ఫెంటన్ మామ రానన్నాడుగా. పేరు ఎలా వేస్తాం?"

"ముందు పేరు వెయ్యి. మనిషి తర్వాత వస్తాడు."

ఈ వ్యాపారంలో అదొక పద్ధతి. పాటగాడు సరే అనకముందే పేరు స్తంభాలెక్కుతుంది. ఊరంతా పేరు చూశాక రాకపోతే మంగలి షాపులో తల ఎత్తుకోలేడు, చర్చిలో వాళ్లమ్మ తల ఎత్తుకోలేదు. అలా రప్పించినవాళ్లు చాలామందే ఉన్నారు. అందుకే వెర్లన్ ఇవాళ ఊరంతా తిరగలేదు. ఫెంటన్ బస్సు తిరిగే దారి ఒక్కటే పట్టుకున్నాడు. స్కూలు గేటు నుంచి సీడర్ గ్రోవ్ పేట చివరి దాకా ఒక్క చెక్క స్తంభాన్ని కూడా వదలకుండా కొట్టుకుంటూ పోతున్నాడు. ఫెంటన్ ఒక్కసారి, ఒక్క పాట, జనం ముందు నిలబడి పాడితే చాలు. వెర్లన్‌కి ఇంకే కోరికా లేదు. ఆ కుర్రాడి కాళ్ల కింద నుంచి వేదికను లాగేసింది క్యాసెట్లు మోసిన తన వ్యానేనని అతనికి తెలుసు.

ఆ సంగతి ఊరికీ తెలుసు. ఎంత తెలుసంటే, అదొక వేళాకోళం అయిపోయింది.

మధ్యాహ్నం వ్యాను ఎర్లీన్ కొట్టు ముందు ఆగింది. ఒకప్పుడు అది పాటల క్యాసెట్ల కొట్టు. ఇప్పుడు అగరుబత్తీలు, చల్లటి డ్రింకు సీసాలు, ఉడికించిన వేరుశనగకాయలు అమ్ముతోంది. తలుపు పక్కన కుర్చీలో ఎర్లీన్ కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి, కాళ్లు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. నోటికి మాత్రం ఏ వాపూ రాలేదు.

"ఏరా అబ్బాయ్, ఈసారైనా మిషన్ ఉన్నచోట పెట్టావా సరుకు?"

"స్తంభాలకి మిషన్ ఏంటమ్మా."

"అదే నేనూ అనేది. నువ్వు మిషన్ లేని చోటే చూసుకుని పెడతావు." నవ్వబోయి దగ్గింది. తర్వాత అతని మొహం చూసి నవ్వు ఆపేసింది. "ఇలా కూర్చో. బూడిద పూసుకున్నట్టున్నావేంటి?"

"ఎండ."

"ఎండకి మనలాంటోళ్లు బూడిదరంగు అవ్వరు. కూర్చోరా."

అతను కూర్చోలేదు. చల్లటి సీసా తీసుకుని మెడకి ఆనించుకుని నిలబడ్డాడు.

మిషన్ కథ ఇది. ఫెంటన్ రెండో క్యాసెట్ వచ్చిన ఏడాది, న్యూయార్క్ నుంచి పెద్ద కంపెనీవాళ్లు ఫోన్ చేశారు. మీ కుర్రాడు బాగున్నాడు, మొదటి వారం అమ్మకాలు చూసి మాట్లాడదాం అన్నారు. వాళ్ల చూపంటే మిషన్ చూపే. మాల్‌లో పెద్ద దుకాణాల్లో, క్యాసెట్ అట్ట మీద చారలు చదివే మిషన్లు ఉండేవి. అది చదివితేనే అమ్ముడుపోయినట్టు. ఆర్డెల్ పెట్టెలు వ్యాన్లో వేయించి, "ముందు మాల్‌కి వెళ్లు" అన్నాడు. వెర్లన్ సరేనన్నాడు. కానీ మాల్‌కి వెళ్లే దారిలోనే ఎర్లీన్ కొట్టుంది. డ్రైడిచ్ మొదటి క్యాసెట్‌ను ఊళ్లో ఎవడూ ముట్టనప్పుడు, అద్దం వెనక నిలబెట్టింది ఆవిడే. అప్పట్నుంచి కొత్త సరుకు ఏదొచ్చినా మొదటి పెట్టె ఆవిడకి దిగాల్సిందే. ఎవరో పెట్టిన నియమం కాదు. అలా జరుగుతూ వచ్చింది, అంతే. ఆవిడకి ఇచ్చి మంగలి షాపుకి ఇవ్వకపోతే వాళ్లు ఊరుకోరు. వాళ్లకి ఇచ్చి కార్లు కడిగే చోట ఇవ్వకపోతే బాగుండదు. తర్వాత చేపలు వేయించే దుకాణం. మొదట్నుంచీ నమ్ముకున్నవాళ్లకి చెయ్యి చూపించి పొమ్మనడం వెర్లన్‌కి రాలేదు. మాల్ చేరేసరికి వ్యాన్లో మిగిలింది అడుగున కాసిని.

ఆ వారం ష్రీవ్‌పోర్ట్‌లో ఏ సిగ్నల్ దగ్గర ఆగినా పక్క కారులో ఫెంటన్ గొంతే. ఇళ్ల కిటికీ అద్దాలు అదిరాయి. మిషన్ లేని చిన్న కొట్లన్నీ ఖాళీ అయ్యాయి. న్యూయార్క్ వాళ్ల కాగితం మీద మాత్రం ఆ వారం ఈ ఊరు పాటలే వినలేదు. వాళ్లు మళ్లీ ఫోన్ చెయ్యలేదు.

ఆర్డెల్ కోప్పడి ఉంటే బాగుండేది. "ముందు ఎర్లీన్ దగ్గర ఆగావా?" అని ఒక్కటే అడిగాడు. వెర్లన్ తల ఊపాడు. ఆర్డెల్ కూడా తల ఊపి లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కంపెనీ ఏళ్ల తరబడి ఈడ్చుకుంటూ నడిచింది, కానీ ఫెంటన్ మరో రెండేళ్లు చూసి స్కూలు బస్సు స్టీరింగ్ పట్టాడు. వెర్లన్ ఆసుపత్రిలో నేల తుడిచే పనికి కుదిరాడు. సెలవు రోజుల్లో అట్టలు కొట్టడం మాత్రం మానలేదు.

"నువ్వు ముందు నా దగ్గరకి రాకపోయుంటే," అంది ఎర్లీన్ ఉన్నట్టుండి, "నేను నీతో జన్మలో మాట్లాడేదాన్ని కాదు. అదీ నిజమే."

"తెలుసమ్మా."

"అయినా రాకుండా ఉండాల్సింది."

"అదీ తెలుసు" అన్నాడు వెర్లన్.

బడి వదిలే వేళకి సీడర్ గ్రోవ్ చివరికి చేరాడు. అక్కడ రోడ్డు పక్కన కాలవ ఉంది. వానలప్పుడు తప్ప తడి ఎరగదు. దాని ఒడ్డున ఆర్డెల్ తల్లి ఇంటి వెనక షెడ్డులోనే మొదటి పాట రికార్డు చేశారు. కంపెనీకి డ్రైడిచ్ అన్న పేరు ఆ ఎండిన కాలవ నుంచే వచ్చింది. షెడ్డు ఇప్పుడు లేదు. కాలవ ఉంది. స్తంభం ఉంది.

పసుపు బస్సు వచ్చి ఆగింది. పిల్లలంతా దిగిపోయారు. ఫెంటన్ ఇంజన్ ఆపలేదు. కిటికీ మీద మోచెయ్యి పెట్టి చూశాడు.

"ఎన్ని కొట్టావన్నా?"

"పెట్టె అయిపోయేదాకా."

"దారంతా నేనే ఉన్నా. ప్రతి స్తంభం దగ్గరా పిల్లలు గోల. ఒక పిల్ల లేచొచ్చి అడిగింది, 'మిస్టర్ ఫెంటన్, మీరు తప్పిపోయారా?' అని."

వెర్లన్‌కి నవ్వొచ్చింది. స్తంభాల మీద ఫోటోలు అంటించేది ఇప్పుడు తప్పిపోయిన కుక్కలకీ, మనుషులకీ మాత్రమే. ఆ పిల్ల తప్పేం లేదు.

"ఏం చెప్పావు?"

"ఏం చెప్పను? కూర్చోమన్నా." ఫెంటన్ స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేశాడు, మళ్లీ ఆపేశాడు. "రానని నోవెల్లాకి చెప్పా. నీకూ చెప్పా."

"విన్నా."

"విని కూడా?"

"ముందు పేరు. తర్వాత మనిషి. పద్ధతి."

"ఆ పద్ధతులేగా మనల్ని ఇక్కడ కూర్చోబెట్టింది."

వెర్లన్ సుత్తిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. ఎడమ చెయ్యి దాన్ని మొయ్యలేకపోయింది. మళ్లీ కుడిచేతికే తీసుకున్నాడు. "ఆరోజు నేను మాల్‌కి ముందు వెళ్లాల్సింది ఫెంటన్. చెప్పింది చెయ్యలేదు. నీ బతుకు పోయింది."

"పోలేదు. ఇదిగో, బస్సులో కూర్చుంది." ఫెంటన్ ఎటో చూశాడు. "నీ మీద కోపం కొన్నాళ్లు ఉంది. కాదనను. పోయిందన్నా. కానీ ఇప్పుడు పాడాలంటే మాటలే గుర్తులేవు. నా పాటే. రెండో చరణం వచ్చేసరికి గోడ అడ్డం వచ్చినట్టు ఉంటుంది."

"నాకు గుర్తున్నాయి."

"నీకు గుర్తుంటే నువ్వే పాడు ముసలోడా."

"నేను పాడితే ఉన్న నలుగురూ పోతారు." వెర్లన్ బస్సుకి దగ్గరగా వచ్చాడు. "హాల్లో వెనక గోడ దగ్గర, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడతా. మర్చిపోతే నా నోటి వంక చూడు. ఒక్క మాట కూడా పొల్లు పోనివ్వను."

ఫెంటన్ నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు. వెనక ఎవరో హారన్ కొట్టారు.

"బస్సు డిపోలో పెట్టాలి" అని గేరు వేశాడు.

బస్సు మలుపు తిరిగేదాకా చూసి వెర్లన్ చివరి అట్టను తీశాడు. స్తంభానికి ఆనించాడు. మోకాలితో అదిమిపెట్టాడు. పై మూల కొట్టాడు. రెండో పై మూల కొట్టాడు. అప్పుడు ఊపిరి అందలేదు. ఒక్క క్షణం కూర్చుని మిగతాది కొడదాం అనుకున్నాడు. వ్యాను తలుపు తెరిచి, కాళ్లు బయటికి వేలాడేసి సీటు మీద కూర్చున్నాడు. సుత్తి చేతిలోంచి ఎప్పుడు జారిందో గమనించలేదు. ఎదురుగా ఎండిన కాలవ, దాని మీద సాయంత్రపు ఎండ. ఫెంటన్ నోరు తెరిచాడు కదా, అది వస్తాననడానికా, రాననడానికా అని ఆలోచించాడు. రెండో చరణం పెదాలతో ఒకసారి అనుకుని చూసుకున్నాడు. చివరిదాకా వచ్చింది. సీటుకి తల ఆనించాడు. మళ్లీ ఎత్తలేదు.

స్కేటింగ్ హాలు నిండలేదు. సగానికి కాస్త ఎక్కువే వచ్చారు. జుట్టు నెరిసినవాళ్లు, మోకాళ్లు నొప్పులున్నవాళ్లు, పాత టీషర్టుల్లో పట్టనివాళ్లు. నోవెల్లా తలుపు దగ్గర నిలబడి అస్తమానం బయటికి చూసింది. వెర్లన్ రాలేదు. ఎక్కడో చివరి అట్ట కొడుతూ ఉంటాడులే అనుకుంది.

ఫెంటన్ వచ్చాడు. బస్సు డ్రైవరు చొక్కాలోనే వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా మైకు తీసుకున్నాడు. మొదటి చరణం గొంతు బొంగురుపోతూనే అయింది. జనం అరిచారు. రెండో చరణంలో గోడ అడ్డం వచ్చింది. ఫెంటన్ తలెత్తి వెనక గోడ వైపు, స్కేట్లు అద్దెకిచ్చే బల్ల పక్కకి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. వాయిద్యం నడుస్తూనే ఉంది. అతను ఆ ఖాళీ చోటు వంకే చూస్తూ నిలబడ్డాడు. చివరికి ముందు వరసలో ఒకావిడ మాట అందించింది. పక్కనున్నవాళ్లు అందుకున్నారు. చరణం మొత్తం హాలే పాడింది. ఫెంటన్ మైకు పట్టుకుని విన్నాడు.

వేదిక దిగాక, "వెర్లన్ అన్న ఏడి?" అని అడిగాడు. అప్పటికే నోవెల్లాకి ఫోన్ వచ్చింది. కాలవ పక్కింటివాళ్లు వ్యాన్లో అతన్ని చూశారట. ఆ పిల్ల ఏడుస్తూ చెప్పలేక చెప్పింది.

ఫెంటన్ గోడకి చేరగిలబడిపోయాడు. బస్సు కిటికీ దగ్గర తను అనబోయిన మాట 'వస్తా' అన్నదే. నాలుక చివరి దాకా వచ్చింది. హారన్ మోగిందని మింగేశాడు. ఒక్క మాట. దానికి మిషన్ అక్కర్లేదు, మాల్ అక్కర్లేదు. ఆ మాట చెప్పకుండా ఆ మనిషిని పంపించేశాడు.

సోమవారం పొద్దున బస్సు సీడర్ గ్రోవ్ చివరికి వచ్చింది. అప్పటికే లోపల పిల్లలున్నారు, దిగడానికి వీల్లేదు. ఫెంటన్ తలుపు తెరిచాడు. ఎదురుగా స్తంభం మీద అట్ట రెండు పై మూలలతో వేలాడుతోంది. కింది సగం గాలికి లేచి, తన పేరు కనబడి, మళ్లీ స్తంభానికి కొట్టుకుంటోంది. ఎక్కబోతున్న పిల్ల ఒకర్తి ఆగి, గడ్డిలోకి చూసి, దాటుకుని వచ్చింది. మంచుకి తడిసి, పిడికి చుట్టిన నారింజ రంగు పట్టీ సగం ఊడి, కడుపు నిండా పిన్నులతో, సుత్తి అక్కడే పడి ఉంది.