కొల్లేటి గొంతు కలిసిన ఇటలీ పాట

గంగాప్రసాద్ విజయవాడ గవర్నర్‌పేటలో రికార్డింగ్ సెంటర్ నడిపేవాడు. కావలసిన పాటల పేర్లు చెప్తే ఖాళీ కేసెట్‌లో ఎక్కించి ఇవ్వడం అతని పని. 1996 నాటికి ఆ వ్యాపారం పలచబడింది. అయినా పాత ఎల్పీ రికార్డుల్ని గరగర లేకుండా తిప్పగల ప్లేయరు అతని దగ్గరే ఉందని ఊళ్లో పేరు.

ఆ వేసవిలో ఒక ఉదయం అమలమ్మ అనే సిస్టర్ వచ్చింది. హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో ఆమె నర్సు. పాత దుప్పటి ముక్కలో చుట్టి తెచ్చిన మూడు ఎల్పీలు జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"మా ఆంజెలో ఫాదరు గారివండీ. కుర్రతనంలో ఇటలీ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇప్పుడు చూపు ఆనడం లేదు, చదువుకోలేరు. పోనీ పాటలైనా వింటారని."

"కేసెట్లలోకి ఎక్కించాలా సిస్టర్ గారూ?"

"అవునండీ. ఆయన రెండే అడిగారు. ఈ మూడోది బీరువా అడుగున దొరికింది, పార్సిలు దారం కూడా విప్పలేదు. ఎలాగూ తెచ్చాను కదా, ఇదీ చేసేయండి."

మొదటి అట్ట మీద ఒక చెక్క పడవ, అందులో గడ్డాలు పెంచిన ఐదుగురు కుర్రాళ్లు. అక్షరాలు ఇంగ్లీషులా ఉన్నాయి గానీ ఇంగ్లీషు కాదు. చర్చి పాటలై ఉంటాయనుకున్నాడు గంగాప్రసాద్. రికార్డు తిరుగుతుంటే టీ తాగి రావడం అతని అలవాటు. ముల్లు పెట్టి, కేసెట్ నొక్కి, గుమ్మం దిగబోయాడు.

గంట ఒకటి మోగింది. ఆ మోత పూర్తిగా ఆరిపోయేదాకా మరే వాద్యమూ పలకలేదు. ఆ తర్వాత వేణువు. ఊదే మనిషి ఊపిరి కూడా వినిపిస్తోంది. దాని పక్కన మాండలిన్ చిన్నగా చేరింది. అడుగున ఎక్కడో ఆర్గాన్ మొదలై, వరద నీరు గుమ్మం దాటి గదిలోకి వచ్చినట్టు మెల్లగా పైకి లేచింది. ఒక్కసారిగా డ్రమ్ము పడింది. గంగాప్రసాద్ వేళ్లు వాటంతటవే గుమ్మం చెక్క మీద లెక్క కట్టాయి. తకిట తకధిమి, తకిట తకధిమి. మిశ్రచాపు తాళం! ఇటలీ వాళ్లకి ఇదెవరు చెప్పారు?

అతను వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

పాడినవాడిది సంగీతం నేర్చిన గొంతు కాదు. పొలం గట్టు మీద నుంచి అవతలి వాణ్ణి పిలిచే గొంతు. మాటల్లో 'జేసు', 'పియెత్రో' అన్నవి తప్ప ఒక్కటీ తెలియలేదు. పాట ఆగి ఇంకో పాట మొదలవుతుందని చూశాడు. ఆగలేదు. రికార్డు ఆ వైపంతా ఒకటే పాట. మధ్యలో పల్లెటూరి తిరనాళ్ల పాటలా గెంతింది, అంతలోనే ప్రార్థనలా వంగిపోయింది, మళ్లీ ఎలక్ట్రిక్ గిటారుతో లేచింది. సినిమా పాటలు, కీర్తనలు, కాలేజీ కుర్రాళ్ల కోసం డిస్కో పాటలు, అన్నీ అతని చేతుల మీదుగా పోయినవే. లోకంలో ఉన్న సంగీతమంతా ఏదో ఒక రకంగా తన బల్ల మీదికి వచ్చి వెళ్లిందని అతని నమ్మకం. ఇలాంటిదొకటి ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు.

రెండో రికార్డూ ఆ బృందానిదే. అది కూడా కదలకుండా విన్నాడు. పాటలు ఎక్కించుకోవడానికి వచ్చినవాళ్లు ఎదురుగా నిలబడితే, ఆగండన్నట్టు చెయ్యెత్తాడు. వాళ్లూ ఆగారు. ఒకాయన చెప్పులు కూడా విప్పేసి నిలబడ్డాడు.

మూడోదాని దారం కత్తిరించి ముల్లు పెట్టాడు. ఇందులో ఆర్గాన్ లేదు, అంతా గిటారు, మాండలిన్, ఆ ఒక్కడి గొంతూ. ఏదో అలసిపోయినవాడి పాటలా ఉంది. రెండో వైపు సగంలో గొంతు ప్రశ్నలా పైకి పోయి ఆగింది. నీళ్ల చప్పుడు వినిపించింది. ఆ నీళ్లలోంచి ఎవరో మగమనిషి గట్టిగా అన్నాడు:

"లాగరా బాబూ..."

"హైలెస్సా!" అన్నాయి ఇంకొన్ని గొంతులు.

"కొల్లేటి తల్లీ..."

"హైలెస్సా!"

"పెద్దింట్లమ్మా..."

"హైలెస్సా!"

గంగాప్రసాద్ కొల్లేటి లంకలో పుట్టినవాడు. చేపలు పట్టే ఇల్లు. పెద్దింట్లమ్మ తమ ఇలవేల్పు. ఆ అరుపుల కిందికి మాండలిన్ వచ్చి చేరింది, దాని మీదికి ఇటలీవాడి గొంతు. ఇద్దరూ కలిసి పాడుతున్నారు. అతను ముల్లు లేపి మళ్లీ అక్కడే పెట్టాడు. మళ్లీ "లాగరా బాబూ" అని వినిపించింది.

మర్నాడు షాపు తియ్యలేదు. కేసెట్లు, టేప్‌రికార్డరు సంచిలో పెట్టుకుని, గన్నవరం మీదుగా పోయే బస్సెక్కి హనుమాన్ జంక్షన్లో దిగాడు.

ఆంజెలో ఫాదరు ఆసుపత్రి వెనక చిన్న గదిలో ఉన్నాడు. పొడుగాటి మనిషి, తెల్లటి గడ్డం. కళ్లు తలుపు వైపు తిప్పి, "ఎవరు బాబూ?" అన్నాడు. ఆ తెలుగు యాస అచ్చం కైకలూరుది. 'ర' మాత్రం కొంచెం ఎక్కువసేపు దొర్లింది.

మొదటి కేసెట్ పెట్టగానే ఆయన నవ్వుతూ తల ఊపాడు. "మా ఊరి కుర్రాళ్లు. కొండల మధ్య సరస్సు పక్కన ఉంటుందిలే మా ఊరు. ఆ రోజుల్లో మా దేశంలో ఇలాంటి బృందాలు బోలెడు. గిటార్లు పట్టుకుని చర్చి హాల్లో దేవుడి మీద పాటలు కట్టేవాళ్లు. కొన్ని వందల కాపీలు వేయించి, సంతలో అమ్ముకునేవాళ్లు. బయట ఎవరికీ తెలియవు. పాడేది మా తమ్ముడు, పియెరో."

"మరి మూడోదండీ?"

ఆయన నవ్వు ఆగింది. "మూడోది ఎక్కడిది?"

పక్కనే ఉన్న అమలమ్మ కంగారుపడి, బీరువా అడుగున దొరికిందని చెప్పింది. "అది వచ్చేసరికి పియెరో లేడు" అన్నాడు ఫాదరు. "కొండదారిలో మోటారుసైకిలు పడిపోయింది. రికార్డు మా అమ్మ పంపింది. విప్పలేకపోయాను. వాడు పాడే కొత్త పాట అదొక్కటే మిగిలింది కదా. వినేస్తే అయిపోతుంది అనుకున్నాను."

"పోనీ లెండి, వద్దులెండి" అన్నాడు గంగాప్రసాద్.

"లేదు. పెట్టు."

తమ్ముడి గొంతు మొదలవగానే ఫాదరు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వంగి కూర్చున్నాడు. రెండో వైపు వచ్చింది. నీళ్ల చప్పుడు. "లాగరా బాబూ" అనగానే ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు.

"నా టేపు! ఇది నా టేపు! కొల్లేట్లో కొత్తగా పనిచేసేటప్పుడు బ్యాటరీ మిషన్‌తో పట్టాను. నేనెక్కడ ఉన్నానో వాడికి తెలియాలని పోస్టులో పంపాను. ఏమైందో వాడు రాయనే లేదు." ఆయన తడుముకుంటూ టేప్‌రికార్డరు మీద చెయ్యి వేశాడు. "బాబూ, ఇది ఏ పాటో తెలుసా నీకు? బైబిల్లో ఉంటుంది. పేతురని ఒక జాలరి, మా భాషలో పియెత్రో. అతనూ తోటివాళ్లూ రాత్రంతా వల వేస్తారు. ఏమీ పడదు. తెల్లవారేసరికి ఒడ్డున ఒకాయన నిలబడి, కుడి వైపు వెయ్యండి అంటాడు. ఆయనే యేసు ప్రభువు. పియెరో పాటలో, రాత్రంతా వల వేశాం, చేతులు ఖాళీ, ఇప్పుడేం చెయ్యమంటావు అని అడిగి ఆగిపోయాడు. అక్కడ పెట్టాడు వీళ్లని. వాడికి ఒక్క ముక్క తెలుగు రాదు. లాగమంటున్నారని వాడికి తెలియదు!"

అమలమ్మ నెమ్మదిగా సిలువ గుర్తు వేసుకుంది.

"ఆ పాడినాయన ఎవరండీ?" అడిగాడు గంగాప్రసాద్.

"పేరు అడగలేదు బాబూ. అప్పటికి నాకు తెలుగు అంతంతమాత్రం."

గంగాప్రసాద్ ఆ సాయంత్రమే లంకకి వెళ్లి, తండ్రి కాశీరావుకి కేసెట్ వినిపించాడు. కాశీరావు వల బాగుచేస్తూ విన్నాడు. మొదటి కేకకే అతని చేతిలో దారం ఆగిపోయింది.

"ఒరే ప్రసాదూ, ఇదెక్కడిదిరా?"

"ఎవరో తెలుసా నాన్నా?"

"తెలుసా ఏంట్రా! అన్నయ్య. మీ బసవయ్య పెదనాన్న. వెనకాల హైలెస్సా అంటన్నది నేనూ, మావాళ్లూ. ఓ తెల్లదొర పెట్టె పట్టుకుని పడవెక్కాడు. మా ఫొటో తీత్తన్నాడనుకుని అందరం తలలు దువ్వుకున్నాం."

బసవయ్య గంగాప్రసాద్ పసితనంలోనే గాలివానకి దోనె తిరగబడి పోయాడు. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు. పెదనాన్న ముఖమే గంగాప్రసాద్‌కి గుర్తు లేదు. రెండు రోజులుగా తనని వెంటాడుతున్నది ఆయన గొంతని తెలిశాక, కేసెట్ వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు.

బసవయ్య భార్య సీతారావమ్మ అదే లంకలో ఉంటోంది. ఆమెకి వినిపించేటప్పుడు తానూ ఉంటానని, సంగతి విన్న ఫాదరు పట్టుబట్టాడు. ఆ ఆదివారం అమలమ్మ ఆయన్ని జీపులో తీసుకొచ్చింది. గట్టు దగ్గర దిగి, దోనెలో లంకకి చేరారు. నీళ్ల మీదికి రాగానే ఫాదరు వాసన పీల్చి, "గుర్రపుడెక్క పెరిగిపోయింది" అన్నాడు.

సీతారావమ్మకి విషయం చెప్పారు గానీ ఆమె నమ్మలేదు. "చచ్చిపోయినోళ్లు పాడతారా ఏంటి?" అంటూ మంచం మీద కూర్చుంది. గంగాప్రసాద్ మీట నొక్కాడు. పియెరో పాట సాగుతున్నంతసేపూ ఆమె చుట్టూ చేరిన వాళ్లనే చూస్తోంది. పాట ఆగింది. నీళ్లు కదిలాయి.

"లాగరా బాబూ..."

సీతారావమ్మ మంచం మీద నుంచి లేచి నిలబడింది. జారిన పైట భుజం మీదికి లాక్కుంది. భర్త పని నుంచి ఇంటికొస్తే ఆడది ఎలా లేస్తుందో అలా లేచింది. అరుపులు ఆగేదాకా కూర్చోలేదు. కేసెట్ అయిపోయాక కూడా ఆ పెట్టె వైపే చూస్తూ నిలబడింది.

"పొద్దుటి గొంతు" అంది కాసేపటికి. "సాయంత్రానికి బొంగురుపోయేది."

మళ్లీ పెట్టమంది. ఈసారి పియెరో పాడుతుంటే, "ఈ అబ్బాయెవరు ఫాదరు గారూ?" అని అడిగింది.

"నా తమ్ముడమ్మా. వాడూ లేడు."

"ఏమంటన్నాడు?"

"రాత్రంతా వల వేశాం, ఒక్క చేపా పడలేదు అంటున్నాడు."

"దానికి మా ఆయన లాగమన్నాడా?"

"అవునమ్మా."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఎవరికీ తెలియలేదు. "ఈయనెప్పుడూ అంతే" అంది. "వల ఖాళీ అని తెలిసినా లాగరా అనేవాడు."

"ఇంతకీ వాళ్లకి పడ్డాయా?" అడిగాడు కాశీరావు.

"నూట యాభై మూడు పెద్ద చేపలు" అన్నాడు ఫాదరు. "అలాగే రాసి ఉంది."

కాశీరావు ఆలోచించాడు. "అయితే నిజంగానే జరిగుంటది. కట్టుకథైతే వెయ్యి అనేవోళ్లు. ఎవరో ఒడ్డున కూకుని లెక్కపెట్టారు."

ఫాదరు ఆ మాటకి ఎంతసేపు నవ్వాడో. నవ్వుతూనే చూపు లేని కళ్లు తుడుచుకున్నాడు. సీతారావమ్మ ఆయన చెయ్యి పట్టుకుని తన మంచం మీద కూర్చోబెట్టింది. కొర్రమేను పులుసుతో అందరికీ భోజనం పెట్టింది.

ఫాదరు మరో నాలుగేళ్లు బతికాడు. ఆ మూడు రికార్డులూ గంగాప్రసాద్‌కి ఇచ్చేయమని చెప్పి పోయాడు. సీడీలొచ్చి షాపు సెల్‌ఫోన్ల దుకాణంగా మారినా ప్లేయరు మాత్రం లోపలి గదిలో ఉండిపోయింది. 2003లో ఏలూరు రోడ్డులోని ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, అట్ట మీది ఇటలీ అక్షరాలు ఒక్కొక్కటే కొట్టి, కనబడిన ఒక చిరునామాకి వచ్చీరాని ఇంగ్లీషులో ఈమెయిల్ పంపాడు. అలాంటి రికార్డులే సేకరించే ఒక ఇటలీ మాస్టారి జవాబు వారం తిరక్కుండా వచ్చింది. మూడో రికార్డు ఉందని విన్నవాళ్లే గానీ చూసినవాళ్లు ఎవరూ లేరట. గంగాప్రసాద్ కాపీ పంపాడు. ఆ కొల్లేటి పడవలో ఉన్నవాళ్ల పేర్లన్నీ కాశీరావుని అడిగి మరీ రాశాడు. బదులుగా ఆ మాస్టారు అలాంటి బృందాల పాటలు సీడీల్లో పంపించడం మొదలుపెట్టాడు. ఏవో కొండ ఊళ్లు, ఎవరికీ తెలియని కుర్రాళ్లు. ఒకటి ఓడ కట్టిన నోవహు మీద, ఇంకొకటి తప్పిపోయిన గొర్రె మీద. ప్రతిదానికీ గంగాప్రసాద్ మొదటిరోజులాగే నోరు తెరుచుకుని వినేవాడు.

ఒకరోజు చేప కడుపులో పడిన యోనా మీద ఒకటి వచ్చింది. కాశీరావు మందుల కోసం బెజవాడ వచ్చి లోపలి గదిలో పడుకుని ఉన్నాడు. సముద్రం లాంటి ఆర్గాన్ మోతకి లేచి కూర్చున్నాడు.

"ఇందులో మనోళ్లెవరన్నా ఉన్నారా?"

"లేరు నాన్నా."

"పోన్లే" అన్నాడు కాశీరావు, గోడకి చేరబడి. "మొదట్నించీ పెట్టు."