డెల్ఫీన్ తిడితే కరిగే మంచు

జనవరి వచ్చిందంటే మిల్లు కూత కన్నా ముందే డెల్ఫీన్ ఇంటి తలుపు చప్పుడయ్యేది.

"డెల్ఫీన్, మా కుళాయి గడ్డకట్టింది. ఒక్కసారి వచ్చిపోతావా?"

ఆమె శాలువా కప్పుకుని వెళ్లేది. గొట్టం ముందు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి తన ఫ్రెంచిలో చీవాట్లు పెట్టేది. "ఏందే ఈ బిగుసుకుపోవడం? పొద్దెక్కలా? పిల్లోళ్లు మొకాలు కడుక్కోవద్దా?" గొట్టం కాసేపు గొణిగి నీళ్లు వదిలేది. కారు ఇంజిన్లయినా, కొట్టు తాళాలయినా అంతే. గుట్ట మీద పెద్ద ఇళ్లలో ఉండే ఇంగ్లీషువాళ్లు కూడా ప్లంబరు కన్నా ముందు ఆమెకే కబురు పెట్టి, పని అయ్యాక ఒక కప్పు కాఫీ ఇచ్చి పంపేవాళ్లు. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు చలిలో అదొక రోజువారీ పని.

డెల్ఫీన్ పగలంతా మిల్లులో మగ్గం దగ్గర ఉండేది. కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్విబెక్ నుంచి వచ్చిన ఆడవాళ్లందరికీ అదే బతుకు. ఆమె కూతురు ఒదీల్ మాత్రం హైస్కూల్లో ఆఖరి ఏడు చదువుతోంది. ఆ వీధిలో అంతదాకా చదివిన ఆడపిల్ల ఇంకొకతె లేదు.

స్కూల్లో ఇంగ్లీషూ ఫ్రెంచీ రెండూ మిస్ పెటెంగిలే చెప్పేది. పొద్దున ఇంగ్లీషు క్లాసులో, "ఒదీల్, నాలుక పళ్ల మధ్య పెట్టు. అచ్చం ఫ్రెంచిదానిలా పలుకుతున్నావు," అనేది. మధ్యాహ్నం ఫ్రెంచి క్లాసులో అదే పిల్లని లేపి ఎక్కడ ఉన్నావో చెప్పమనేది. ఒదీల్ "నేనీడ్నే ఉండా మిస్" అనగానే క్లాసు గొల్లుమనేది.

"అది మిల్లు ఫ్రెంచి. 'నేను ఇచ్చట ఉన్నాను' అనాలి. ప్యారిస్‌లో నీలా మాట్లాడితే గుర్రాలు కూడా తిరిగి చూడవు."

ఒదీల్ చెవులు మండిపోయేవి. అద్దం ముందు నిలబడి "ఇచ్చట, అచ్చట" అని నోరు తిప్పుకుని తిప్పుకుని, ఆర్నెల్లలో మిస్ పెటెంగిల్ కన్నా ప్యారిస్ మనిషిలా తయారైంది. మిస్‌కి ఆ పిల్ల మీద గురి కుదిరింది. ఫిబ్రవరిలో టీచర్ల కాలేజీ నుంచి ఒకావిడ వస్తుంది, పరీక్ష పెట్టి ఫ్రెంచి బాగా వచ్చినవాళ్లలో ఒకరికి ఫీజు లేకుండా సీటిస్తుంది, అది నీదే అని చెప్పింది.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం, పాఠం మధ్యలో ఫ్రెంచి క్లాసు గది చల్లబడిపోయింది. హెడ్మాస్టరు స్టిన్సన్ డెల్ఫీన్‌ని మిల్లు నుంచి పిలిపించాడు. ఆమె జుట్టు నిండా దూదిపీచుతో వచ్చి, కిటికీ కింద ఉన్న వేడినీళ్ల గొట్టాల ముందు గొంతుక్కూర్చుంది.

"ఏమే, నీకేం మాయరోగం? లెగువు. ఈడ నా బిడ్డ వణికిపోతా ఉంటే నీకు నిద్దరెట్టా పడతందే?"

వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. మిస్ పెటెంగిల్ కనుబొమలెత్తి, "ఒదీల్, ఈవిడ అనేది నీకేమైనా అర్థమవుతోందా?" అని ఇంగ్లీషులో అడిగింది.

ఒదీల్ పుస్తకంలోకి చూస్తూ, "లేదు మిస్. ఒక్క ముక్క కూడా," అంది.

ఆ మాత్రం ఇంగ్లీషు డెల్ఫీన్‌కి వచ్చు. మళ్లీ గొంతు తగ్గించి గొట్టాలతో మాట్లాడి, అవి వేడెక్కాక లేచి, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం గిన్నెలో బఠానీ సూపు పోసి కూతురి ముందు పెట్టి, ఇంగ్లీషులో, "సూప్. నువ్వు తినుము," అంది.

"అమ్మా..."

"చల్లారును. తినుము."

అప్పట్నుంచి ఆ ఇంట్లో అదే భాష. కోపం లేదు, చీవాట్లు లేవు. ఎవరన్నా తలుపు కొడితే డెల్ఫీన్ ఒంట్లో బాగాలేదని పంపేసేది. ఆ ఇంటి కుళాయి కూడా గడ్డకట్టింది. ఒదీల్ బకెట్లో మంచు తెచ్చి పొయ్యి మీద కరిగించేది. క్షమించమని అడగాలని రోజూ అనుకునేది. ఏ భాషలో అడగాలో తెలిసేది కాదు.

పరీక్ష రోజున స్కూలు మొత్తం బిగుసుకుపోయింది. సిరా కూడా గడ్డకట్టింది. కాలేజీ నుంచి వచ్చినావిడ చేతితొడుగులు తియ్యకుండానే, ఇలాగైతే తిరుగు రైలుకి వెళ్లిపోతానంది. స్టిన్సన్ కారు పంపి డెల్ఫీన్‌ని రప్పించాడు.

ఆమె హాల్లో పెద్ద గొట్టం ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఇంగ్లీషులో, "దయచేసి నీవు కరుగుము," అంది. గొట్టం ఉలకలేదు.

"అలా కాదు డెల్ఫీన్, నీ మాటల్లో చెప్పు," అన్నాడు స్టిన్సన్.

"ఆ మాటలు ఎవరికిని అర్థము కావు సార్."

బెంచీలో కూర్చున్న ఒదీల్‌కి తల నేలలోకి దిగిపోతే బావుండుననిపించింది. లేచి వెళ్లి, గొట్టానికి నోరు ఆనించి ఎవరికీ వినపడకుండా గుసగుసలాడింది. ఏమీ కాలేదు. మళ్లీ చెప్పింది. లాభం లేదు. అప్పుడు కళ్లు మూసుకుని గొంతెత్తింది.

"ఏందే నీ టెక్కు? ఎంతసేపు బతిమాలాలే మాయమ్మ నిన్ను? కదులు!"

పిల్లలు పడీ పడీ నవ్వారు. గొట్టం గుడగుడలాడి స్కూలంతటికీ వేడి పాకింది. ఒదీల్ వెనక్కి తిరిగేసరికి అమ్మ లేదు.

పరీక్షలో పద్యం చెప్పమంటే ఆ పిల్ల నోట్లోంచి ఇచ్చటలూ అచ్చటలూ రానే లేదు. ఈడ, ఆడ అనే వచ్చాయి. మిస్ పెటెంగిల్ కిటికీ వైపు తిరిగి నిలబడింది. సీటు బ్యాంకు మేనేజరు కూతురు నోరా విట్‌కాంబ్‌కి పోయింది. జూన్‌లో ఒదీల్ మిల్లులో, అమ్మ పక్క మగ్గం దగ్గర చేరింది.

తర్వాతి చలికాలం నుంచి తలుపు కొట్టినవాళ్లు ఒదీల్ కోసం అడగసాగారు. డెల్ఫీన్ కోటు అందించి, "గుండీలు పెట్టుకొనుము," అనేది. రెండేళ్లు అలాగే గడిచాయి.

ఒక ఆదివారం, చర్చి వెనక చేతిపంపు గడ్డకడితే ఒదీల్ వెళ్లింది. మునుపెన్నడూ లేనిది, డెల్ఫీన్ కూడా వెంట వచ్చి కాస్త దూరంలో నిలబడింది. ఒదీల్ పంపుని దులిపి వదిలిపెట్టింది. చివరికి సన్నగా ధార మొదలైంది.

"మరీ అంత తిట్టబాకే," అంది వెనకనుంచి డెల్ఫీన్, తన ఫ్రెంచిలో. "సిగ్గుపడి మళ్లీ గడ్డకట్టుద్ది."

ఒదీల్ తలెత్తలేకపోయింది. పంపు కొడుతూనే ఉంది.