పడితే చప్పట్లు

నేను ఒక తెరను. మీలో ఎవరైనా పడితే జనం నవ్వుతారు. నేను పడితే చప్పట్లు కొడతారు. అంత గొప్ప పుట్టుక నాది!

మా వంశం చాలా పాతది. సంస్కృత నాటకాల రాజసభల్లో మా ముత్తవ్వ యవనిక. వీధి భాగవతాల్లో మా అవ్వ తెరచీర. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుంటే, వెనక నుంచి నాయిక జడ ఇవతలికి వేసి ఊరంతటినీ ఊరించేది. ఆ తర్వాత నాటక కంపెనీలు రైలెక్కాయి, వాటితో రంగుల తెరలూ దిగాయి. తెనాలిలో నేను పుట్టాను. నా మీద దర్బారు గీసిన పెయింటరు ఒక చెలికత్తెకు తన భార్య మొహం పెట్టాడు. రెండో చెలికత్తె ఎవరని ఆవిడ బతికున్నంతకాలం అడిగింది. నాకు తెలుసు. కానీ తెర అన్నాక కొన్ని దాచాలి కదా!

నా ముందు మీసాలు గొరిగించుకుని మగవాళ్లు రాణులయ్యారు. పెట్రోమాక్సు పోయి కరెంటొచ్చింది. వెండితెర వచ్చి నన్ను వెనక్కి నెట్టింది. బుల్లితెర వచ్చి జనాన్ని ఇంట్లో కూర్చోబెట్టింది. వాటి ముందు నేను ఉత్త బట్టతెరను, బట్టతలకున్నంత గౌరవం నాది!

మొన్న మా నాటక సమాజం సెక్రటరీ కొండలరావు ఎల్‌ఈడీ తెర అద్దెకు తెచ్చాడు.

"ఈ పూట ఇది బాగా ఆడిందంటే ఆ పాతగుడ్డ మిర్చియార్డుకే. బస్తాల మీద కప్పుకుంటారు."

నవరసాలు మోసినదాన్ని, చివరికి ఘాటు మోయాలా? తాడు లాగే దావీదు మాత్రం నన్ను చుట్టి పైన దూలానికి కట్టాడు. "ఆఖరాట పైనుంచైనా చూసుకోవే తల్లీ!"

రాజు వేషం కొండలరావు అక్క భ్రమరాంబది. వాళ్ల తాత ఇదే సమాజంలో రాణి, మనవరాలు రాజు! ఆఖరి పద్యం అందుకుని, రాగం తీసి తీసి, రాజు చచ్చాడు.

"వన్స్ మోర్!"

జనం అడిగితే చచ్చినవాడైనా లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చావాలి. మా దగ్గర ఆచారం అది. యముడికి కూడా తెలిసిన ఈ సంగతి ఎల్‌ఈడీ వాళ్లకు ఎవరూ చెప్పలేదు. రాజు లేచి గొంతెత్తేసరికి వెనక ఎల్‌ఈడీ తెర మీద తర్వాతి సీను వచ్చేసి చితి భగ్గుమంది! హాలంతా గొల్లుమంది.

"ఆపరా నాయనా!" కొండలరావు పరుగెత్తాడు.

"ఆపితే మొదటికొస్తది సార్. పెళ్లి సీను!" అన్నాడు ఆపరేటరు.

భ్రమరాంబ ఆలాపన ఆపకుండానే పక్కకు తిరిగింది. "దావీదన్నా... ఆ... ఆ... బతికుండగానే తగలేస్తున్నారు... ఆ... మన తెర దింపన్నా... ఆ...!"

దావీదు తాడు వదిలాడు. దర్బారుతో, చెలికత్తెలిద్దరితో ధబీమని దిగి, చితిని కప్పేశాను. నా దుమ్మంతా రాజు నెత్తిన పడింది. వచ్చిన తుమ్మును గమకంలో కలిపేసి, రాజు ఘనంగా చచ్చాడు.

జనం లేచి నిలబడ్డారు. "తెర వన్స్ మోర్!"

మా వంశంలో వన్స్ మోర్ అందుకున్న తెరను నేనే! లేచాను, మళ్లీ పడ్డాను. అందరికంటే గట్టిగా అరిచింది ఎవరనుకున్నారు? కొండలరావు.

మర్నాడు మిర్చియార్డు మనిషి వచ్చాడు. "గుడ్డ ఎక్కడండీ?"

"గుడ్డేంటయ్యా? మర్యాదగా మాట్లాడు!" అన్నాడు కొండలరావు.

అదుగో, దావీదు తాడు పట్టుకున్నాడు. పడుతున్నాను. ఏవీ చప్పట్లు?