పూజ చదవదు

పరమేష్ ఒంటరిగా రాలేదు. కులపెద్ద ఎల్లేశాన్ని బండి వెనక ఎక్కించుకొని అత్తగారి ఊరు మర్రిగూడకు వచ్చాడు. ఎల్లేశం పరమేష్ భార్య మల్లికకు వరుసకు పెద్దనాయిన. ఆయన మాట ఆమె తీసేయదని పరమేష్ ధీమా.

ఆలుమగలు విడిగా ఉండబట్టి రెండేళ్లు. ఏడేళ్ల పూజ తల్లి దగ్గరే ఉంటోంది. మండలంలో ఓ ప్రైవేటు బడిలో వేస్తే, నత్తి పోవాలంటూ రోజూ బల్లెక్కించి చదివించారు. పిల్లలు పగలబడి నవ్వేవారు. దసరా నాటికి పూజ ఇంట్లో కూడా నోరు విప్పడం మానేసింది. టీచరు ట్రైనింగు చదివిన మల్లిక బడి మాన్పించి, అరుగు మీద తనే చదువు చెబుతోంది.

"నేను మేకల ఎంబడి తిరిగి చదువుకు దూరమైన. నా బిడ్డ గట్ల గావద్దు," అన్నాడు పరమేష్. "నల్లగొండల నా కాడ ఉంచుకొని బడికి తోలుత."

"బడి పేరు జెప్పి బిడ్డను గుంజుకపోతనంటవ్."

"ఇంట్ల కూసోవెట్టి నువ్వేం నేర్పినవ్?"

ఎల్లేశం చేయెత్తి ఇద్దరినీ ఆపాడు. జేబులోంచి పేపరు తీసి మంచం మీద పరిచాడు. "లొల్లెందుకు? గీ నాలుగు ముక్కలు పిల్ల చదివిందా, తల్లి కాడనే ఉంటది. చదవలేదా, తండ్రి ఎంబడి పోతది. ఏమంటవ్ పరమేష్?"

"సరే మామా."

మల్లిక తల్లి బీరమ్మ ముఖం విప్పారింది. పొద్దున ఆమె మేకలకు కొమ్మలు కొడుతుంటే మనవరాలు కథల పుస్తకం గడగడా చదివి వినిపించింది మరి. "రా బిడ్డా, చదువు," అని పిలిచింది.

పూజ వచ్చి నిలబడింది. నలుగురూ తన నోటి వంకే చూస్తున్నారు. పిల్ల మెడ మీద నరం బిగుసుకోవడం మల్లిక చూసింది.

"చదవది," అంది.

"రాకనా?" పరమేష్ నవ్వాడు.

"వస్తది. మీ ముంగట చదవది. నువ్వు పోయి ఆడుకో పూజా."

పిల్ల ఒక్క ఉరుకున దొడ్లోకి పోయింది.

"చదివితే అయిపోతుండె గదనే పిచ్చిదానా," బీరమ్మ తల కొట్టుకుంది.

"గట్ల నిలవెట్టిన్రనే గదనే బడి మాన్పిచ్చిన. ఇంట్ల నేనే నిలవెడితే ఇంక మాన్పిచ్చుడెందుకు?"

ఎల్లేశం గొంతు గట్టిపడింది. "ఓడినట్టే మల్లికా."

"ఓడిననే అనుకో పెద్దనాయినా. పిల్లను మాత్రం పంపను. ఊరందర్ని పిలువు, గప్పుడు గూడ గిదే చెప్త."

ఆయన పేపరు మడిచాడు. "గిది నాతోని గాదు. కోర్టుల తేల్చుకో," అన్నాడు పరమేష్‌తో.

దొడ్లో పూజ మేకపిల్లను ఏదో కోప్పడుతోంది, ఎక్కడా తడబడకుండా. పరమేష్ కాసేపు అటే చెవి పెట్టాడు. అయినా బండి కిక్కు కొట్టి, "రేపే వకీలును తోల్కొస్త," అన్నాడు.

"పొద్దుగాల రాకు," అంది మల్లిక. "గప్పుడు మాకు లెక్కలుంటయి."