మొదలంట కొట్టిన గులాబీ తీగె

"పప్పుల రెండు చెంచలు ఉప్పు పడితెనే రుచి" అని బాపురావు ఎనిమిదేండ్ల సంది చెప్తనే ఉన్నడు. రుక్మాబాయి ఎనిమిదేండ్ల సంది ఒక్క చెంచనే ఏస్తున్నది. మొదటి ముద్ద నోట్ల పెట్టుకొని, "సూసినవా, నా మాట ఇంటె గిట్లుంటది" అంటడాయన. ఆమె ఇంకింత నెయ్యి ఏస్తది.

ఆ పొద్దు గూడ అదే మాటన్నడు. అని, ఎంగిలిచెయ్యి గేటు దిక్కు సాపిండు. "దసరా ఎల్లిపాయె. గులాబీ తీగెను మొదలంట కొట్టు. చెరుకు లెక్క. పిలకలు దబ్బున లేస్తయి."

బాపురావు బోధన్ల చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు ఇన్‌స్పెక్టరు. నేలకు ఆనించి కొడితెనే చెరుకు మల్ల బలంగ లేస్తదని ఊరూరు తిరిగి రైతులకు చెప్పుడే ఆయన కొలువు. మన్నుల మొలిచేదంత ఆయనకు చెరుకే.

గులాబీ తీగె చెరుకు గాదు. ఆ సంగతి చెప్పింది సుబ్బరత్నం. గుంటూరు దిక్కు నుంచి వచ్చి, ఫ్యాక్టరీ క్వార్టర్ల ఎనుక కాలువ భూమి చేసుకుంటున్న ఇంటామె. జానెడు గులాబీ పుల్ల చేతిల పెట్టి, "పాత తీగెలే పూస్తాయమ్మాయ్. అవి కొట్టావా, ఆ యేడు మొగ్గనేదే చూడవు. నిలువుగా పోనీకు, అడ్డంగా వంచి కట్టు. కణుపు కణుపుకీ పూస్తుంది" అన్నది.

రుక్మాబాయి వంచింది. చినిగిన చీరెల అంచులు చింపి, గేటు మీది ఇనుప కమానుకు తీగె ఎంబడి తీగె అడ్డం కట్టింది. ఏటేటా దసరా ఎల్లినంక ఆయన కొట్టుమనుడు, ఆమె సరేననుడు. ఎండిన పుల్లలు నాలుగు ఏరి గోడ పక్కన కుప్పేసి "కొట్టిన" అంటె, ఆయన కుప్పను సూసేది, తీగెను సూడకపోయేది. మాఘమాసం వచ్చేసరికి కమాను కనబడకుండ పూలు. ఫ్యాక్టరోళ్లు పెట్టే పూల పోటీల గెలిచిన కప్పులు మూడు అల్మారి మీద ఉన్నయి. మూడింటి మీద బాపురావు పేరే. దుమ్ము మాత్రం ఆమె తుడుస్తది.

పోయినేడు కొత్త మేనేజరు పెండ్లాంతోని వచ్చి కమాను కింద ఆగిండు. ఆయమ్మ రుక్మాబాయి చేతులు సూసింది. ముండ్లు గీరిన చేతులు. "మీరే పెంచిన్రా?" అనడిగింది. రుక్మాబాయి నోరు తెరిచేలోపే బాపురావు నవ్విండు. "దీనికేం తెల్సమ్మా, నీళ్లు పొయ్యమంటె పోస్తది. నేను ఏటేటా మొదలంట కొట్టిస్త. అదే దీని మర్మం." అందరు నవ్విన్రు. చాయ్ పళ్లెం పట్టుకొని రుక్మాబాయి గూడ నవ్వింది. లోపలికి పోయి చాయ్ కప్పులు కడుగుతుంటె ఒకటి పగిలి వేలు కోసుకపోయింది. నీళ్లు ఎర్రగయినంకనే తెలిసింది. నొయ్యలేదు. ఆ దినం సంది ఏదీ నొస్తలేదు. తిట్టినా, మెచ్చుకున్నా, ఎవరో పక్కింటామెను అంటున్నట్టే ఇనబడుతున్నది. ఏడుపన్న వస్తె మంచిగుండు అనుకున్నది. రాలేదు.

ఆ పొద్దు ఆయన తిని, సైకిలెక్కి చెరుకు తోటల దిక్కు పోంగనే, వసారల గోడకు తగిలిచ్చిన చెరుకు కత్తి తీసింది. గేటు కాడ కూసోని, అరచెయ్యంత దొడ్డుగయిన మొదలు మీద ఒక్క ఏటు ఏసింది. రెండో ఏటుకు తీగె తెగింది గాని కింద పడలేదు. ఆమె కట్టిన చీరె అంచులే దాన్ని పట్టుకొని ఉన్నయి. ఒక్కొక్క ముడి ఇప్పుకుంట పోయింది.

అరుగు మీద కూసున్న అత్త నాగవ్వ చేతిల ఒత్తి పక్కన పెట్టింది. "ఏందే రుక్మా, నిజంగనే కొడుతున్నవా?"

రుక్మాబాయి చెయ్యి ఆగింది. "నీకెర్కనా అత్తా?"

"ఎర్క లేకేంది? మీ మామ బతికున్నన్ని దినాలు నేను జేసింది గదే గద." ముసలామె కోడలి మొకం దిక్కు సూడలేదు. ఒత్తి మల్ల చేతిలకు తీసుకొని, "ముల్లు గుచ్చుకుంటది, పైలం" అన్నది.

మాఘమాసం వచ్చింది. కమాను పక్కన పచ్చటి లేత పిలకలు మనిషెత్తు లేచినయి. మొగ్గ ఒక్కటి లేదు. పోటీ సూసేటోళ్లు గేటు కాడ జరసేపు నిలబడి, బాపురావు మొకం సూసి, ముందటి ఇంటికి పోయిన్రు.

ఆయన ఇంట్లకు వచ్చి పీట మీద కూలబడ్డడు. "ఏం జేసినవే దాన్ని?"

"నువ్వు చెప్పినట్టే చేసిన. మొదలంట కొట్టిన."

"ఏటేటా చెప్పినట్టే చేస్తుంటివి గద!"

"లేదు" అన్నది రుక్మాబాయి. "ఒక్కేడు గూడ చెయ్యలె."

గొంతు పెంచలేదు. అరుగు మీద నాగవ్వ దగ్గింది. బాపురావు పెండ్లాం దిక్కు, అల్మారి మీది కప్పుల దిక్కు, మల్ల పెండ్లాం దిక్కు సూసిండు. రుక్మాబాయి పళ్లెంల అన్నం పెట్టి, పప్పు పోసి, ఆయన ముందటికి జరిపింది.

"తిను" అన్నది. "ఇయ్యాల ఉప్పు గూడ నువ్వు చెప్పినంతనే ఏసిన."